గదిలో నీలం చుక్క

3, సోమవారం

గది అంటే నాలుగు గోడలు, ఒక తలుపు, ఆ తలుపుకు లోపలి నుంచి గడియ అనుకుంటూ ఇన్నేళ్ళు బతికాను. కాదట. ఇకనుంచి గది అంటే కంప్యూటర్ తెర మీద ప్రోగ్రాం రాసుకునే చోటట. అందులోకి నలుగురూ ఒకేసారి దూరి, ఒకే ఫైలు తెరుచుకుని, ఒకరు రాస్తుంటే ఇంకొకరు చూస్తూ, వీలైతే వాళ్ళ లైను మధ్యలో తమ చెయ్యి పెడుతూ పనిచేస్తారట. ఒక్కొక్కరికీ ఒక్కో రంగు చుక్క. ఎవరి చుక్క ఎక్కడుంటే వాళ్ళు అక్కడ ఉన్నట్టు. ఇలాంటి గదులు తయారుచేసి లోకంలోని ప్రోగ్రామర్లందరికీ అంటగట్టడం మా కొత్త ప్రాజెక్టు. పైగా ఆ గదిని ఆ గదిలోనే కూర్చుని కట్టాలట. మేస్త్రీని పిలిచి, పునాది తియ్యకముందే ఆ ఇంట్లో కాపురం పెట్టమన్నట్టుంది.

ఈ మాటలన్నీ మా మేనేజరువి. నేను ఆయనకు చప్పట్లాయన అని పేరు పెట్టుకున్నాను. ప్రతి మీటింగు చివరా "ఒక్కసారి మనకు మనం చప్పట్లు కొట్టుకుందామా?" అంటాడు. ఇవాళా కొట్టించాడు. ఏం సాధించామని అడిగితే "మొదలుపెట్టాం కదండీ!" అన్నాడు.

ఇరవై రెండేళ్ళుగా ఈ పని ఒక్కణ్ణే కూర్చుని చేస్తున్నాను. ప్రోగ్రాం రాయడమూ పళ్ళు తోముకోవడమూ ఒకలాంటివే. నలుగురూ కలిసి చేస్తే తొందరగా అయ్యేవి కావు.

గదిలో మొత్తం ముగ్గురం. నాది నీలం చుక్క. టెస్టరుది ఆకుపచ్చ. అతను రాయడు, మేం రాసినదాంట్లో తప్పులు వెతుకుతాడు, దొరికినప్పుడల్లా పుట్టినరోజు వచ్చినట్టు మురిసిపోతాడు. పసుపు చుక్క కొత్తగా వచ్చినావిడది. ముప్పై అయిదేళ్ళుంటాయి. పాలిటెక్నిక్‌లో పాఠాలు చెప్పుకునే పర్మినెంటు ఉద్యోగం మానేసి మరీ వచ్చిందట, ఏ పుణ్యాత్ముడు సలహా ఇచ్చాడో. ఈ నెలాఖరుతో ఆవిడ ప్రొబేషన్ అయిపోతుంది. ఉంచుకోవాలా పంపించాలా అన్నది నేను రాసిచ్చే రిపోర్టును బట్టి ఉంటుంది. పొద్దుట్నుంచీ నాలుగు ముక్కలు మాట్లాడి ఉంటే గొప్ప. మౌనవ్రతం అని పేరు పెట్టాను.

4, మంగళవారం

అన్‌డూ మీద గంటన్నర మీటింగు. చేసిన పనిని వెనక్కి తీసుకునే మీట గురించి గంటన్నర! ఒక్కడు రాసుకుంటున్నప్పుడు దానితో ఏ గొడవా లేదు. కొడితే నేను చివర రాసిన లైను పోతుంది, అంతే. ఇద్దరు ముగ్గురు ఒకేసారి రాస్తున్నప్పుడు నేను కొడితే ఎవరిది పోవాలి? ఇదీ వీళ్ళ ధర్మసందేహం.

"గదిలో అందరికంటే చివర ఏ లైను పడిందో అది పోతుంది. ఎవరు కొట్టినా అంతే. సింపుల్," అన్నాను.

మౌనవ్రతానికి అప్పుడు మాటలు వచ్చాయి. "ఎవరి అన్‌డూ వాళ్ళ లైన్ల వరకే ఉంటే బాగుంటుందేమోనండీ..."

"గది అందరిదీ అంటున్నాం కదమ్మా. మరి పని కూడా అందరిదే. నీది, నాది అని మధ్యలో గీతలు గీసుకునేటట్టయితే ఇంక గదెందుకు? ఎవరింట్లో వాళ్ళం ఉందాం," అన్నాను.

నేనన్నది వెటకారానికి. చప్పట్లాయన కళ్ళు చెమర్చినంత పని అయింది. నా వాక్యం నోట్‌బుక్కులో రాసుకున్నాడు. గోడ మీద రాయిస్తాడేమోనని భయంగా ఉంది. ఆవిడ మళ్ళీ నోరెత్తలేదు. అన్‌డూ మధ్యాహ్నానికల్లా నేనే రాసి పడేశాను.

5, బుధవారం

మౌనవ్రతం పొద్దుట్నుంచి మూడుసార్లు నా బల్ల దగ్గరికి వచ్చింది. "సార్, ఒక్క నిమిషం..." ఒక్క నిమిషం అన్నవాళ్ళెవరూ ఒక్క నిమిషంలో పోయినట్టు నేనెరగను. మూడోసారి చెప్పేశాను.

"చూడమ్మా, మనం గదిలో ఉన్నాం. ఏం చెప్పాలన్నా గదిలోనే రాయండి, నేను చదువుకుంటాను. నా బల్ల దగ్గరికి రావద్దు. పక్కపక్కన కూర్చున్నవాళ్ళు తెర మీద మాట్లాడుకోవడమే కదా మనం అమ్మబోయే సరుకు."

"సరేనండీ," అంది. ఆ తర్వాత రాలేదు. హాయిగా ఉంది.

7, శుక్రవారం

కీబోర్డు పాడైంది. అన్‌డూ ఒకసారి పట్టుకుంటోంది, నాలుగుసార్లు పట్టుకోవడం లేదు. నాకు ముందునుంచీ ఒక అలవాటు. ఏదైనా రాసి నచ్చకపోతే టకటకా అయిదారుసార్లు అన్‌డూ కొట్టి, వెనక్కి వెళ్ళి చూసుకుని, మళ్ళీ రాస్తాను. కొంతమంది వేళ్ళు విరుచుకోరూ, అలాగ. ఇప్పుడు అయిదారు కొడితే నా లైను కదలడం లేదు, పదీ పదిహేనూ కొట్టాల్సి వస్తోంది. కొత్త కీబోర్డు కావాలని రాసిచ్చాను.

10, సోమవారం

కొత్త కీబోర్డు వచ్చింది. ఇదీ అంతే. ఈ రోజుల్లో ఏ వస్తువు సవ్యంగా ఏడ్చింది కనుక.

12, బుధవారం

మౌనవ్రతం పని చెయ్యదని తేలిపోయింది.

మేమిద్దరం ఒకే ఫైల్లో రాస్తాం. పైభాగం నాది, అడుగు భాగం ఆవిడది. ఆ అడుగుకు నేను వెళ్ళను, వెళ్ళాల్సిన అవసరమూ లేదు. ఇవాళ భోజనం నుంచి వచ్చి, సరే ఏం వెలగబెట్టిందో చూద్దామని కిందికి దిగాను. మూడు లైన్లు! పొద్దున్న తొమ్మిది నుంచి మధ్యాహ్నం రెండు దాకా మూడు లైన్లు. ఇటు చూస్తే మనిషి తల ఎత్తకుండా టైపు చేస్తూనే ఉంది. ఎవరికి రాస్తోందో ఉత్తరాలు.

నిన్నా చూసి ఉండాల్సింది. మొన్నా చూసి ఉండాల్సింది. పాలిటెక్నిక్ పిల్లలు అదృష్టవంతులు.

13, గురువారం

ఇవాళ రెండు లైన్లు.

14, శుక్రవారం

కిటుకు దొరికింది. పొద్దున్న వచ్చేసరికి ఫైలు అడుగున నూట ఎనభై ఆరు లైన్లు. గది లెక్క చూశాను. రోజూ సాయంత్రం ఆరింటికి గది తనంతట తాను అన్నీ భద్రం చేసుకుంటుంది, ఆ తర్వాత వాటిని ఏ అన్‌డూ కదిలించలేదు. నిన్న నేను అయిదింటికి లేచాను. అయిదూ నలభైకి పసుపు చుక్క నూట ఎనభై ఆరు లైన్లు ఒక్కసారిగా తెచ్చి పడేసింది. మొన్నా అంతే, అటుమొన్నా అంతే. నేను గుమ్మం దాటేదాకా ఆగి, ఎక్కడినుంచో మోసుకొచ్చి దించుతోంది.

పగలంతా ఖాళీ, సాయంత్రానికి మూటలు. బయట ఎవడిచేతో రాయించి తెస్తోందన్నమాట. లైన్లు బాగానే ఉన్నాయి. బాగుండవూ మరి, ఎవడో తెలిసినవాడు రాసినవైతే!

సాయంత్రం మా ఆవిడతో చెప్పాను. ఆవిడ ఫిజియోథెరపిస్టు. రోజంతా జనం మోకాళ్ళు వంచి వస్తుంది కాబట్టి ఇంట్లో ఎవరి మాటకూ తొందరగా వంగదు.

"ఆమెనే అడగొచ్చు కదా?" అంది.

"అడిగితే చెబుతుందా? నోట్లో నాలుక లేదు."

"మీరు ఎవరినైనా ఎప్పుడైనా..." అని ఏదో మొదలుపెట్టింది.

"నువ్వు నీ మోకాళ్ళ సంగతి చూసుకో," అన్నాను. లేచి వెళ్ళి బట్టలు మడత పెట్టుకుంది.

17, సోమవారం

మూడు లైన్లు.

18, మంగళవారం

టెస్టరు టీ కప్పు పట్టుకుని వచ్చి, గొంతు తగ్గించి, "సార్, మీకూ ఆవిడకూ ఏమైనా గొడవైందా?" అన్నాడు.

"గొడవ పడాలన్నా అవతలివాళ్ళకు నోరుండాలి కదయ్యా. ఎందుకలా అడుగుతున్నావు?"

"ఏం లేదులెండి," అని నవ్వాడు. నాకు ఆ నవ్వు నచ్చలేదు. వీడికి కూడా ఆవిడ మీద జాలేమో. పని చెయ్యనివాళ్ళ చుట్టూ జాలిపడేవాళ్ళు ఎప్పుడూ సిద్ధంగా ఉంటారు.

20, గురువారం

రిపోర్టు ఇచ్చేశాను. డొంకతిరుగుడు లేకుండా రాశాను. పగలు పని జరగడం లేదు, సాయంత్రం నా వెనకాల ఒక్కసారిగా పెద్ద మొత్తంలో వచ్చి చేరుతోంది, ఇది బయటివారిచేత రాయించి తెచ్చినదని నా అభిప్రాయం, కొనసాగించనక్కరలేదు.

చప్పట్లాయన చదివి, "బయటివారిచేత అన్న మాట ఉండాలంటారా? అది ఫైల్లోకి ఎక్కితే ఆవిడను ఇంకెవరూ తీసుకోరండీ. పాత ఉద్యోగం కూడా వదిలేసి వచ్చింది," అన్నాడు.

"ఉన్నమాటే రాశాను. మీకు తియ్యాలనిపిస్తే మీ సంతకంతో తియ్యండి."

తియ్యలేదు. ఈయన ఏ కాగితం మీద తన చెయ్యి పడనిస్తాడు కనుక! మంగళవారం పదకొండింటికి పర్సనెల్ డిపార్ట్‌మెంటు మౌనవ్రతాన్ని కూర్చోబెట్టి మాట్లాడుతుందట. నన్నూ రమ్మన్నారు.

21, శుక్రవారం

వచ్చే వారం ఎవరో పెద్దవాళ్ళు మా గదిని చూడ్డానికి వస్తారట. "మూడు వారాల పనిని మూడు నిమిషాల సినిమాలా చూపిద్దామండీ! ఎవరి చుక్క ఎప్పుడు ఎక్కడికి వెళ్ళింది, ఏం రాసింది, అన్నీ వరసగా. జనం కలిసి పనిచేస్తుంటే ఎంత అందంగా ఉంటుందో!" అన్నాడు చప్పట్లాయన.

మామూలుగా అయితే ఒళ్ళు మండేది. ఇవాళ ఎగిరి గంతేసి ఒప్పుకున్నాను. గది ప్రతి అక్షరాన్నీ టైముతో సహా దాచుకుంటుంది, దాన్ని తెర మీద మళ్ళీ నడిపించడమే పని. నడిపిస్తే పసుపు చుక్క పగలల్లా గోళ్ళు గిల్లుకోవడం, సాయంత్రం మూట దించడం కళ్ళకు కట్టినట్టు కనబడుతుంది. మంగళవారానికి నా దగ్గర సాక్ష్యం ఉంటుంది. సాయంత్రానికి రాయడం పూర్తయింది. రేపు సెలవైనా వెళ్ళి చూస్తాను.

22, శనివారం

వెళ్ళాను. చూశాను. ఇంటికి వచ్చాను.

23, ఆదివారం

నిన్న ఇంకేమీ రాయలేదు. చెయ్యి రాలేదు.

అన్‌డూ పెట్టిన మర్నాటి నుంచి నడిపించాను. పైన నీలం చుక్క, కింద పసుపు చుక్క. పసుపు రాస్తోంది. లైను మీద లైను, ఎక్కడా ఆగకుండా, శుభ్రంగా. పదింటికల్లా ముప్పై లైన్లు. అప్పుడు పైన నీలం చుక్క ఒక లైను రాసింది, కాసేపు చూసుకుంది, నచ్చలేదు, టకటకా అన్‌డూ కొట్టింది. పైన ఏమీ కదల్లేదు. కింద ఆరు లైన్లు అడుగునుంచి ఒక్కొక్కటే మాయమయ్యాయి. పసుపు చుక్క ఆగింది. మళ్ళీ అవే ఆరు రాసింది. నీలం మళ్ళీ కొట్టింది. ఈసారి పది.

రోజంతా అదే. ఆవిడ రాస్తుంది, నేను తీస్తాను. గదిలో చివర పడిన లైను ఆవిడదే ఉంటుంది, ఎందుకంటే ఆవిడ ఆపకుండా రాస్తోంది కాబట్టి. అన్‌డూ వెళ్ళి దాన్నే పట్టుకుంటుంది. నేను అలా రాశాను కాబట్టి.

అంటే తప్పు డిజైనుది. ఆ డిజైను మీటింగులో అందరూ ఒప్పుకున్నదే. అందరూ అంటే ఆవిడ తప్ప. అయినా గట్టిగా చెప్పి ఉండాల్సింది. మెత్తగా "బాగుంటుందేమోనండీ" అంటే ఎవడికి ఎక్కుతుంది? పదకొండో తేదీ నుంచి ఆవిడ గది బయట వేరే ఫైల్లో రాసిపెట్టుకుని, నేను లేచాక, ఆరు కొట్టే లోపల తెచ్చి పెట్టుకుంటోంది. ఇవీ ఆ మూటలు.

నోరు విప్పి చెప్పొచ్చు కదా ఆ మాట! ఇదే అనుకున్నాను నిన్న, గట్టిగా, ఖాళీ ఆఫీసులో, పైకే అన్నాను. అప్పుడు కనబడింది.

ఆరో తేదీ, పదకొండున్నర. ఫైలు అడుగున, ప్రోగ్రాం కాని ఒక లైను. "సార్, మీరు అన్‌డూ కొడితే నా లైన్లు పోతున్నాయి. ఒకసారి చూస్తారా?" అది రెండు నిమిషాలు ఉంది. నీలం చుక్క అన్‌డూ కొట్టింది. పోయింది.

పన్నెండుంబావు. "సార్, పైన రాసిన నోటు కూడా పోయింది. అన్‌డూ గదంతటికీ పనిచేస్తోంది, అందుకనుకుంటా." పోయింది.

మర్నాడు, "సార్, మళ్ళీ." పోయింది. సోమవారం, "సార్, నేను కొత్త కీబోర్డు చూశాను. తప్పు కీబోర్డుది కాదండీ." అదీ పోయింది.

మొత్తం పద్నాలుగు. చివరిది పన్నెండో తేదీన. అందులో "సార్" అన్న మాట ఒక్కటే ఉంది. ఇంక ఆపేసింది. గదిలోనే రాయమన్నది నేను. బల్ల దగ్గరికి రావద్దన్నది నేను. ఆవిడ అక్షరాలా నేను చెప్పినట్టు చేసింది.

నాకు సిగ్గుగా ఉంది. రాయక తప్పదు కాబట్టి రాస్తున్నాను.

24, సోమవారం

పొద్దున్నే వెళ్ళి అన్‌డూ మార్చేశాను. ఇప్పుడు ఎవరు కొడితే వాళ్ళ లైనే పోతుంది. పదకొండు లైన్ల పని. ఎవరికీ చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం ఏముంది, తప్పు దిద్దేశాను కదా. ఆ రీప్లే సినిమాలో కూడా ఆ మూడు వారాలు వద్దు, రేపటినుంచి జరిగేది చూపిస్తే సరిపోతుంది.

తర్వాత చప్పట్లాయన దగ్గరికి వెళ్ళాను. "ఆ రిపోర్టు వెనక్కి తీసుకుంటానండీ. ఇంకో మూడు నెలలు చూద్దాం. తొందరపడ్డానేమో."

"పైకి పంపేశానండీ. ఆపాలంటే కారణం రాయాలి. ఏమని రాయమంటారు?"

నీళ్ళు నమిలాను. ఇరవై రెండేళ్ళలో ఈయన ముందు నేను నీళ్ళు నమలడం ఇదే మొదలు. "ఆలోచించి చెబుతాను," అని వచ్చేశాను.

సాయంత్రం దాకా ఆలోచించాను. కారణాలు చాలా దొరికాయి. ఆవిడ ఆరోగ్యం, కొత్త పని, గదిలో చిన్న సాంకేతిక లోపం. సాంకేతిక లోపం అన్నది బాగుంది, దానికి పేరూ ఊరూ ఉండవు. ఆ లోపం ఏమిటని వాళ్ళు అడగకుండా ఉంటే చాలు. అడుగుతారు.

25, మంగళవారం

పదకొండింటికి వెళ్ళాను. బల్లకు అవతల పర్సనెల్ డిపార్ట్‌మెంటు ఆవిడ, పక్కన చప్పట్లాయన. ఇవతల పసుపు చుక్క ఆవిడ. చేతిలో నాలుగు మడతలు పెట్టిన కాగితం. అది రాజీనామా అని చూడగానే తెలిసింది. ఆ ఒక్క మాట ఫైల్లోకి ఎక్కకుండా తానే వెళ్ళిపోదామని రాసుకొచ్చింది.

"మొదలుపెట్టే ముందు ఒకటి చూపించాలి," అని ల్యాప్‌టాప్ తెరిచి రీప్లే పెట్టాను. నోటితో ఏమీ చెప్పలేదు, చెప్పడం మొదలుపెడితే మళ్ళీ డిజైను అంటాను, కీబోర్డు అంటాను. ఆరో తేదీ మొత్తం నడిపించాను. నోటు దగ్గర ఆపాను. చదువుకున్నారు. తర్వాత అది పోవడం చూశారు. పద్నాలుగూ చూపించాను.

"నీలం చుక్క ఎవరు?" అంది పర్సనెల్ ఆవిడ.

"నేను. రిపోర్టులో రాసినదంతా తప్పు. నా వెనకాల తెచ్చి పడేసిన లైన్లన్నీ ఆవిడ రాసినవే, నేను చెరిపేస్తుంటే దాచుకున్నవి."

చప్పట్లాయన ముందుగా తేరుకుని, "తప్పు ఒప్పుకోవడానికి ఎంత ధైర్యం కావాలండీ! ఒక్కసారి మనం..." అని చేతులు లేపాడు. ఎవరూ కలపలేదు. ఒక్క చప్పుడు అయ్యి ఆగిపోయింది. "ఇది మాత్రం వచ్చేవాళ్ళకు చూపించొద్దు," అన్నాడు చేతులు దించుకుని.

రిపోర్టు చించేశారు. ఆవిడను పర్మినెంటు చేస్తూ అక్కడే కాగితం రాశారు. ఆవిడ మడతపెట్టిన కాగితం బ్యాగులో పెట్టేసుకుంది.

బయట వరండాలో ఆవిడ వెంటపడ్డాను. ఇంతకాలం ఆవిడే నా వెంటపడేది.

"అమ్మా, తెలియక జరిగింది. అన్‌డూ పట్టడం లేదని కీబోర్డు మార్పించుకున్నాను కూడా. మీ నోట్లు ఒక్కటీ నా కంటపడలేదు. నన్ను క్షమించాలి."

ఆవిడ నడుస్తున్నది ఆగిపోయింది. "తెలీకా?" అంది.

"తెలిసి ఎవరైనా చేస్తారా అమ్మా?"

"అయ్యో, నేను మీరు కావాలనే చేస్తున్నారనుకున్నానండీ." కోపంగా అనలేదు. నిజంగా ఆశ్చర్యపోయి అంది. "మొదట్లో అనుకోలేదు లెండి. నోట్లు కూడా తీసేస్తుంటే ఇంక అంతే అనుకున్నా. టెస్టరుగారిని కూడా అడిగాను. ఆయన గదిలో ఉండి రోజూ చూస్తున్నారు కదా. 'సార్ మనిషే అంత, పట్టించుకోకండి, ఆయన వెళ్ళాక పెట్టుకోండి' అన్నారు."

"పోన్లెండి, తెలీకే కదా," అని తనే నన్ను ఓదార్చి వెళ్ళిపోయింది.

ఇంటికి వచ్చి మా ఆవిడకు అంతా చెప్పాను, ఒక్క ముక్క దాచకుండా. "చూశావా, కావాలని చేస్తున్నాననుకున్నారట, అందరూ! నేను అలాంటివాణ్ణా?" అన్నాను. అదేం మాట, మీరలాంటి మనిషి కాదని తెలియదూ, అంటుందని చూశాను. ఆరేసిన గిన్నెలు తుడిచి అలమరలో సర్దుతోంది.

"ఆమె ఉద్యోగం నిలిచిందా మరి?" అంది.

"నిలిచింది."

"మంచిది," అని ఇంకో గిన్నె అందుకుంది.

నేను ఊరుకోవలసింది. ఊరుకోలేదు. "నువ్వయితే? నువ్వు ఆవిడ చోట ఉంటే నువ్వూ అలాగే అనుకునేదానివా?"

గిన్నె తుడవడం ఆపి, నా మాట మధ్యలో పడుతుందేమోనని కాస్త ఆగింది. నేను అడ్డు పడలేదు.

"అనుకునేదాన్నేనండీ," అంది.